సదస్సు నడపబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు వంటింట్లో మీ అత్తయ్య మిక్సీ వేసింది, సగమే వినపడింది. ఆ సగంతోనే విషయం అర్థమైంది. నెల్లూరులో రెండు రోజుల డిఫెన్స్ పరిశ్రమల సదస్సు, మీ చిన్న పరిశ్రమల సంఘం తరఫున, మొత్తం బాధ్యత నీ నెత్తిన. దాన్ని నడిపించే నిపుణుల కమిటీలో ఎవర్ని పెట్టాలన్నది నీ ప్రశ్న. తర్వాత వాట్సాప్‌లో పంపిన ఆహ్వాన పత్రం కూడా చూశా. పదకొండు ఫొటోలున్నాయి. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ఈ నలుగురికీ తేడా ఏంటో నాకు ముప్ఫై ఏళ్ళుగా అంతుపట్టలేదు. ఆ రెండ్రోజుల్లో ఏం పని జరుగుతుందో మాత్రం ఒక్క లైనూ లేదు. ఫోన్‌లో చెప్తే ‘సరే మామయ్యా’ అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నా ఉద్యోగం నీకు తెలిసిందే. బయటి వర్క్‌షాపుల నుంచి వచ్చే విడిభాగాల్ని కొలిచి తీసుకోవడం, లేదా తిప్పి పంపడం. ఆ పనిలో ఉండగా ఇలాంటి సదస్సులు చాలా చూశా, నాలుగైదు నేనే నడిపా. నేను నడిపిన మొదటిదాని సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. పది గంటలకి ప్రారంభం అని వేశాం. ముఖ్య అతిథి ఒంటిగంటకి పావు తక్కువలో వచ్చారు. జ్యోతి, శాలువాలు, మెమెంటోలు. పదకొండున్నరకి మొదలవ్వాల్సిన టెక్నికల్ సెషన్ మూడింటికి మొదలైంది. అసలు విషయం చెప్పాల్సిన ఆయన ట్రైన్ టైమైందని అప్పటికే వెళ్ళిపోయారు. ఒంగోలు వైపు నుంచి రాత్రి బస్సులో వచ్చిన ఒకాయన, మూడో వరసలో స్తంభం పక్కన, తుండుగుడ్డలో చుట్టిన ఏదో ముక్కని ఒళ్ళో పెట్టుకుని పొద్దుట్నుంచీ కూర్చున్నాడు. నాలుగింటికి నా దగ్గరికొచ్చి, ‘సార్, ఇది ఎవరికి చూపించాలి?’ అనడిగాడు. నా చేతిలో మెమెంటోల లిస్టు ఉంది. ‘ఒక్క నిమిషం’ అన్నా. మళ్ళీ తిరిగి చూసేసరికి ఆ కుర్చీ ఖాళీ. తుండులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నేళ్ళకి ఇంకో ఊళ్ళో ఇంకో సదస్సు. దానికి అధ్యక్షుడిగా మా పాత బాస్‌ని పెట్టారు. ఆయనొక షరతు మీద ఒప్పుకున్నాడు. ప్రారంభం అరగంట దాటితే మైకు తనే తీసుకుంటానన్నాడు, నిజంగానే తీసుకున్నాడు కూడా. టీ టైముకి వేదిక దిగి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఒక కుర్రాడొచ్చి తను చేసిన స్టీలు బుష్ ఒకటి చేతిలో పెట్టాడు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కని వెలుతురుకి వాల్చి, బొటనవేలి గోరుతో థ్రెడ్ వెంబడి గీశాడు. ‘పని బాగుంది. స్టీలు ఎక్కడ కొన్నావు?’ అన్నాడు. కుర్రాడు మద్రాసు అన్నాడు. ‘హీట్ నంబర్ కాగితం ఉందా?’ కుర్రాడు బిక్కమొహం వేశాడు. అప్పుడాయన అక్కడే నిలబడి చెప్పాడు. స్టీలు మిల్లులో ఒక్కో విడత కరిగించినప్పుడు దానికో నంబరు పడుతుంది. రేపు ఒక ముక్క విరిగితే అదే కరుగులోంచి వచ్చిన స్టీలు ఇంకా ఎక్కడెక్కడికి పోయిందో వెతికి పట్టుకోవాలి. ఆ కాగితం లేని ముక్క ఎంత నునుపుగా ఉన్నా మా దృష్టిలో తల్లీతండ్రీ తెలియని బిడ్డే. తీసుకోలేం.

నాలుగు నిమిషాలు పట్టింది. ఆ కుర్రాడికి ఆ నాలుగు నిమిషాల కోసమే సదస్సు జరిగినట్టు. నీ పదకొండు ఫొటోల్లో ఈ ప్రశ్న అడగగలిగిన మనిషి ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టుకో అమ్మా.

పెద్దలు వద్దని కాదు. కలెక్టరు గారో ఎమ్మెల్యే గారో రాకపోతే మన ఊళ్ళో హాలు తాళం కూడా సరిగ్గా తెరుచుకోదు. వాళ్ళకి అరగంట ఇవ్వు, మర్యాదగా ఇవ్వు. సదస్సుని నడిపించే పెద్ద మాత్రం వేరే ఉండాలి. ఆయనకి పని ఇవ్వు, అధికారం ఇవ్వు, రెండు నెలల ముందే ఇవ్వు. సదస్సు రోజు పొద్దున కుర్చీలో కూర్చోబెట్టి దండేస్తే నిపుణుడు కూడా బొమ్మే.

ఎవర్ని పెట్టాలనేగా నువ్వడిగింది. పేరున్న ఒక్క శాస్త్రవేత్త చాలడు. డిఫెన్స్‌లో వస్తువు ఒకరు తయారు చేస్తారు, ఇంకొకరు కొంటారు, మరొకరు తనిఖీ చేస్తారు, వేరొకరు వాడతారు. ఈ నలుగురూ ఒకే గదిలో కూర్చోవడం అరుదు. నీ కమిటీలో ముందు కొనుగోలు విభాగంలో ఫైళ్ళు నడిపిన మనిషి ఒకరు కావాలి. టెండరులో ఎల్1 అంటే, అదే అందరికంటే తక్కువ రేటు వేసినవాడు, ఎందుకు మునిగిపోతాడో ఆయనే చెప్పగలడు. తనిఖీ వైపు నుంచి ఒకరు కావాలి. క్షిపణుల విడిభాగాలకైతే హైదరాబాద్‌లో ఎంఎస్‌క్యూఏఏ అనే నాణ్యతా సంస్థ ఉంది, అక్కడ పనిచేసి రిటైరైన వాళ్ళు ఎవరైనా దొరికితే వదలొద్దు. సైన్యంలో ఆ వస్తువుని మోసి, తుడిచి, రిపేరు చేసిన సుబేదారు ఒకాయన ఉంటే కర్నల్ కంటే ఎక్కువ పనికొస్తాడు. ఆ పిడి చలికి చేతికి అంటుకుపోతుందని, ఆ పెట్టె మూత గ్లవ్స్‌తో తెరుచుకోదని చెప్పేది ఆయనే. వీళ్ళందరికంటే ముఖ్యంగా, ఇప్పటికే సరుకు ఇస్తున్న చిన్న వర్క్‌షాపు ఓనరు ఒకరు. మొదటి ఆర్డరు రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో, బిల్లు ఎన్నాళ్ళు ఆగిందో దాచకుండా చెప్పే మనిషి అయ్యుండాలి.

వీళ్ళలో ఒకర్ని అధ్యక్షుడిగా పెట్టు. ఎవరు బాగా మాట్లాడతారని చూడకు. ఎవరు ఎదుటివాళ్ళని ఆపగలరో చూడు. ఇంకో మాట, చెప్పడానికి కొంచెం ఇబ్బందే అయినా అడగాలి. రిటైరైన పెద్దల్లో కొందరు ఏదో ఒక కంపెనీకి సలహాదారులుగా ఉంటారు. తప్పేం కాదు. కానీ ఏ కంపెనీకో ముందే చెప్పమని అడుగు, సభలో కూడా చెప్పించు. లేకపోతే ఆయన చెప్పే ప్రతి సలహా చివర్లో ఆ కంపెనీ గుమ్మం దగ్గరే తేలుతుంది.

సతీష్ రెడ్డి గారి పేరు మీ కమిటీలో అందరి నోటా వస్తుందని నాకు తెలుసు. మన ఆత్మకూరు వైపు మహిమలూరు నుంచి వెళ్ళి 2018 నుంచి 2022 దాకా కేంద్రం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి ఛైర్మన్‌గా చేసిన మనిషి. గర్వమే మరి. ఆయనే కాదు, ఆ స్థాయి వాళ్ళు ఎవరొచ్చినా ‘మన జిల్లా ముద్దుబిడ్డ’ అని ఇరవై నిమిషాలు పొగిడి, మాట్లాడమని పది నిమిషాలు ఇస్తారు మనవాళ్ళు. ఆ పని చెయ్యకు. నెల ముందు ఒక ప్రశ్న రాసి పంపు. ‘మా ఆటోనగర్‌లో ఉన్న యంత్రాలు ఇవి. వీటితో మేము ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు?’ అంతే. పెద్దవాళ్ళకి పొగడ్త విసుగు, మంచి ప్రశ్న ఇష్టం.

నిపుణుల కమిటీ మొదటిసారి కూర్చున్నప్పుడు తేల్చాల్సింది ఒకటే, ఈ సదస్సు ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతోందన్నది. ‘రక్షణ రంగంలో అవకాశాలు’ అని పెట్టుకుంటే అది ప్రశ్న కాదు, బ్యానరు. మనకో ఖచ్చితమైన ప్రశ్న ఇప్పుడు కళ్ళ ముందే ఉంది. 2025లో రాష్ట్రం తెచ్చిన ఏరోస్పేస్, డిఫెన్స్ పాలసీలో జగ్గయ్యపేట నుంచి దొనకొండ దాకా క్షిపణులు, మందుగుండు తయారీకి అని రాసుకున్నారు. దొనకొండలో ఇంగ్లీషువాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసిన విమానాల రన్‌వే ఉంది, మీ తాతయ్య దాని మీద సైకిలు తొక్కానని చెప్పేవాడు. సరే, అక్కడ పెద్ద ఫ్యాక్టరీలొస్తే నెల్లూరు, ఒంగోలు లేతు షాపులకి ఏం వస్తుంది?

తెలియనివాళ్ళు చెప్తే ‘మిస్సైళ్ళు మనమే చేద్దాం’ అంటారు. తెలిసినవాడు నెమ్మదిగా విడదీస్తాడు. పేలుడు పదార్థం జోలికి లైసెన్సు లేకుండా పోలేవు, దానికి భూమి, దూరాలు, కట్టడాలు అన్నీ వేరే చట్టాల కింద నడుస్తాయి. ఆ పని నీది కాదు. కానీ దాన్ని మొయ్యడానికి ట్రాలీ కావాలి, పట్టి ఉంచడానికి ఫిక్చరు కావాలి, పంపడానికి పెట్టె కావాలి. ఆ పెట్టెలో కుదుపు తట్టుకునే రబ్బరు కావాలి, తేమ లోపలికి చొరబడకుండా సీలు కావాలి, కేబుళ్ళు కట్టలు కట్టాలి. రొయ్యల చెరువులకి ఏరియేటర్లు చేసే మన కుర్రాళ్ళకి ఉప్పుగాలికి ఏ లోహం ఎన్నాళ్ళు నిలుస్తుందో పుస్తకం చూడకుండానే తెలుసు. అది చిన్న చదువు కాదు. దాన్ని గుర్తుపట్టి ‘నువ్వు ఇది చెయ్యి’ అని చెప్పగలిగినవాడే నీకు కావాల్సిన నిపుణుడు.

కొత్తగా మొదలెడుతున్నామన్న బెరుకు కూడా వద్దు. సైదాపురం, కలిచేడు అభ్రకం ఒకప్పుడు యుద్ధ సరుకే. రేడియో సెట్లలోకీ విమాన ఇంజన్లలోకీ అభ్రకం రేకులే ఇన్సులేషన్. ఆ గనుల దగ్గర ఆడవాళ్ళు కత్తితో రేకులు ఎంత పల్చగా చీల్చేవాళ్ళో మా అమ్మమ్మ చెప్పేది. ఇక 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర హైవే మీద వైమానిక దళం వాళ్ళు విమానాలతో ట్రయల్ చేసినప్పుడు మన జనం గట్ల మీద ఎలా చేరారో నువ్వే వీడియో పంపావు. ఈ సంగతులు ప్రారంభోపన్యాసంలో రెండు నిమిషాలు చాలు. గంట లాగితే చరిత్ర సదస్సు అవుతుంది.

కమిటీకి ఒక ఇంటి పని ఇవ్వు. శ్రీజన్ అని కేంద్రం పోర్టల్ ఒకటుంది, 2020 ఆగస్టులో పెట్టారు. రక్షణ సంస్థలు బయటి దేశాల నుంచి తెప్పించుకుంటున్న వస్తువుల్ని అందులో పెట్టి, వీటిని ఇక్కడ చేసేవాళ్ళు ఉన్నారా అని అడుగుతాయి. వేల సంఖ్యలో ఉంటాయి, మామూలు మనిషి చూస్తే కళ్ళు తిరుగుతాయి. మీ నిపుణులు కూర్చుని మన దగ్గరున్న యంత్రాలతో అయ్యేవి ఓ ఇరవై ఏరాలి. ఆ ఇరవైనీ తెలుగులో ఒక్కో కాగితం మీద రాయించు. ఏ లోహం, ఎంత టాలరెన్స్, అదే కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారు, ఏ టెస్టులు, ఎవర్ని సంప్రదించాలి. హాలు బయట గోడకి అంటించు. నా మాట నమ్ము, వేదిక ముందుకన్నా ఆ గోడ ముందే జనం ఎక్కువ ఉంటారు.

దిగుమతి ఆపేసిన వస్తువుల జాబితాలని ఐదు ఉన్నాయి, 2020 నుంచి 2023 దాకా వచ్చినవి, మొత్తం 509. ఎవరో ఒక వక్త వాటిని స్లయిడ్ల మీద పెట్టి చదవడం మొదలెడతాడు. అక్కడే అధ్యక్షుడు గొంతు సవరించుకోవాలి. ఐడెక్స్ అని కేంద్రం పథకం ఒకటుంది, దాని సంగతి మాత్రం చెప్పించు. 2018 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర డిఫెక్స్‌పో అనే రక్షణ ప్రదర్శనలో మొదలుపెట్టారు. కొత్త ఆలోచన ఉన్న చిన్న కంపెనీకి కోటిన్నర దాకా గ్రాంటు వస్తుంది. అంత డబ్బు వస్తుందనగానే ప్రతివాడూ డ్రోను చేస్తానంటాడు. దాన్ని ఆపడం కూడా అధ్యక్షుడి పనే.

డబ్బుల ప్రశ్న తప్పకుండా లేస్తుంది. ‘బిల్లు ఎప్పుడిస్తారు?’ అని వెనక వరస నుంచి ఎవరో అరుస్తారు. చాలామంది అధ్యక్షులు ‘అది విడిగా మాట్లాడుకుందాం’ అని దాటేస్తారు. దాటనివ్వకు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం 45 రోజుల లోపు ఇవ్వాలి, ఇవ్వకపోతే వడ్డీ. కాగితం మీద అది, నేల మీద ఇంకొకటి. ఒక బ్యాంకు మేనేజర్నీ సరుకు ఇస్తున్న ఆ వర్క్‌షాపు ఓనర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి గంట ఇవ్వు. కొంచెం వేడెక్కుతుంది. వేడెక్కనీ.

భద్రత గురించి మీ కుర్రాళ్ళకి కాస్త గట్టిగా చెప్పాలి. సర్వీసులో ఉన్న ఆఫీసర్లు, శాస్త్రవేత్తలు వాళ్ళంతట వాళ్ళు వచ్చి మాట్లాడలేరు, పైనుంచి అనుమతి రావాలి, స్లయిడ్లు కూడా చూపించి ఒప్పించుకోవాలి. పదిహేను రోజుల ముందు అడిగితే మర్యాదగా ‘చూద్దాం’ అంటారు, అంటే రారు. వచ్చినవాళ్ళని వేదిక మీద ‘ఆ క్షిపణి రేంజి నిజంగా ఎంత సార్?’ అని అడిగే ఉత్సాహవంతుడు ఒకడు ప్రతి ఊళ్ళో ఉంటాడు. ప్రశ్నలు కాగితాల మీద తీసుకుని అధ్యక్షుడి చేతికి వెళ్ళేలా చూడు. ఎవరి దగ్గరైనా డ్రాయింగు ఉంటే అది సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కకూడదు. ఒకసారి ఎక్కిందంటే దాన్ని దింపడం బ్రహ్మతరం కాదు, పైగా ఆ డ్రాయింగు ఇచ్చిన సంస్థ మళ్ళీ మీ గుమ్మం తొక్కదు. విదేశీయులు ఎవరైనా వస్తామంటే ఆ లిస్టు విడిగా రాసి ముందే పోలీసులకి ఇవ్వు. డ్రోను ఎగరేసి చూపిస్తామనే స్టాలువాళ్ళుంటే డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసి, ఎస్పీ ఆఫీసుకి కాగితం పెట్టాకే ఒప్పుకో. పక్కనే శ్రీహరికోట ఉన్న ప్రాంతం మనది, సరదాలు కుదరవు.

తేదీలు. నవంబరు అన్నావు, వద్దు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు నెల్లూరు చేరడానికి ఎంత తిప్పలు పడ్డామో మర్చిపోయావా? మార్చిలో కొనుగోలు వాళ్ళెవరూ కదలరు, సంవత్సరం లెక్కలు. బేసి సంవత్సరం ఫిబ్రవరిలో బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన ఉంటుంది, అందరూ అక్కడే. సంక్రాంతి అయ్యాక జనవరి నెలాఖరు మంచిది. వర్షాకాలంలో పెట్టేట్టయితే మొహర్రం తేదీ చూసుకో, రొట్టెల పండుగకి లాడ్జీల్లో ఒక్క గది కూడా మిగలదు.

రొట్టెల పండుగ అంటే గుర్తొచ్చింది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మనవాళ్ళు చేసేదేంటి? కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, పెళ్ళి రొట్టె. మీ సదస్సులో ‘బిజినెస్ మీట్’ అని పెట్టి మూల కుర్చీలు వేసేకంటే దీన్నే చెయ్యి. ఇప్పటికే వెండర్‌గా, అంటే సరుకు ఇచ్చేవాళ్ళుగా నమోదైనవాళ్ళు నీళ్ళలో నిలబడ్డట్టు ఒక వరస నిలబడాలి. నా దగ్గర రిజిస్ట్రేషన్ రొట్టె ఉంది, నా దగ్గర నాణ్యతా సర్టిఫికెట్ రొట్టె ఉంది, నా దగ్గర బ్యాంకు గ్యారంటీ రొట్టె ఉంది అని బోర్డు పట్టుకోవాలి. కావాల్సినవాడు పోయి అడుగుతాడు. తను ఎలా సంపాదించాడో పది నిమిషాల్లో చెప్తాడు. వచ్చే ఏడు పుచ్చుకున్నవాడు ఇచ్చే వరసలో నిలబడాలని ఒప్పందం. నవ్వుకో, ఫరవాలేదు. మన జనానికి ఇది వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

భోజనం దగ్గర ఒక్కటే మాట. మొదటి రోజు మధ్యాహ్నం చేపల పులుసు పెట్టావంటే రెండున్నరకి ఉపన్యాసం పెట్టకు. రొట్టెల వరస అప్పుడు పెట్టు, నిలబడి ఉంటారు కాబట్టి నిద్రపోరు.

1979లో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడితే విలేఖర్ల ముందుకి అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు తనే వెళ్ళారనీ, మరుసటేడు విజయం వచ్చాక ఆ ప్రాజెక్టు నడిపిన కలాం గారిని పంపారనీ కథ ఉంది. నిజమే, శ్రీహరికోట కథే. కానీ నేను వెళ్ళిన ప్రతి సదస్సులోనూ ఎవరో ఒకరు చెప్పారు, నువ్వు మాత్రం చెప్పకు. మైకు మొరాయించినప్పుడు, కరెంటు పోయినప్పుడు, వక్త రానప్పుడు వేదిక ఎక్కి నిలబడాల్సింది నువ్వు. పేపర్లో ఫొటో మాత్రం ఆ గోడ మీద కాగితాలు రాసిన కుర్రాళ్ళది రానివ్వు.

ఆహ్వాన పత్రం మళ్ళీ వేయించు. వెనకవైపు ఆ ఇరవై వస్తువుల పేర్లు రావాలి. ఫొటోలు ఎన్ని తగ్గిస్తావో నీ ధైర్యం, తగ్గించినవాళ్ళ ఇళ్ళకి నువ్వే వెళ్ళి ముందు చెప్పు, పేపర్లో చూసి తెలుసుకోకూడదు.

నేనొస్తా. అత్తయ్య కూడా వస్తానంటోంది, మైపాడు బీచ్ చూడాలట. నాకు వేదిక మీద కుర్చీ వద్దు. టీ పోసే చోటుకి దగ్గర్లో, కిటికీ పక్కన, ఒక బల్ల వేయించు. మంచి లైటొకటి, ప్లగ్గు పాయింటు ఒకటి. కొలిచే వెర్నియరూ భూతద్దమూ నేనే తెచ్చుకుంటా. ‘తెచ్చిన ముక్క ఇక్కడ చూపించండి’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట రాయించు చాలు.

మీ
మామయ్య